సంతకం ఉంటే ఇష్టం ఉన్నట్టేనా?

“ఎవరి బలవంతమూ, ప్రోద్బలమూ లేకుండా, నా మనఃపూర్వకంగా రాసి ఇచ్చిన హక్కు విడుదల దస్తావేజు.” తెనాలి, మంగళగిరి, గన్నవరం, ఏ సబ్‌ రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట చూసినా దస్తావేజు లేఖరి కంప్యూటర్లో ఇలాంటి వాక్యం ముందే టైపు చేసి ఉంటుంది. పేర్లు, సర్వే నంబరు, సెంట్లు మార్చుకుంటే సరిపోతుంది. పుట్టింటి ఆస్తిలో వాటా వదులుకునే ఆడపడుచు దాని కింద సంతకం చేస్తుంది, వేలిముద్ర వేస్తుంది, ఫొటో దిగుతుంది. చట్టం లెక్కలో ఆమె తన ఇష్టప్రకారం నిర్ణయం తీసుకున్నట్టే.

అక్కడున్న వాళ్లలో ఆ వాక్యాన్ని నమ్మేదెవరు? టైపు చేసినవాడు నమ్మడు. సాక్షి సంతకం పెట్టిన బాబాయి నమ్మడు. బయట కారులో ఏసీ వేసుకుని కూర్చున్న వదినగారు అసలే నమ్మదు. ఇంతమందికి తెలిసిన సంగతి చట్టానికి ఒక్కదానికే తెలియదు. మనుషుల మధ్య నడిచే అధికారం చట్టం చదివినంత మాత్రాన కనపడదనీ, దాన్ని చూడాలంటే చరిత్ర, సాహిత్యం, సమాజశాస్త్రం కూడా చదివిన కళ్లు కావాలనీ, ఆ చదువును కృష్ణా, గుంటూరు జిల్లాల్లో మనమే చేజేతులా మూసేసుకున్నామనీ నా వాదన.

ఆడపిల్ల ఆస్తి హక్కు కథ పాఠకులకు కొత్త కాదు. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా వచ్చింది. అప్పటికే పెళ్లయిపోయిన వాళ్లను మాత్రం పక్కన పెట్టారు. దేశం మొత్తానికి ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. తండ్రి అప్పటికి బతికి ఉండాలా అక్కర్లేదా అన్న తగాదాను 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు, అక్కర్లేదని తేల్చేసింది. కాగితం మీద ఇక కొదవేమీ లేదు.

మరి వాటా ఎటు పోతోంది? ఎవరూ కొట్టరు, తిట్టరు. నాన్నకు గుండె ఆపరేషన్ అయిన నెలలోనే ఆ మాట వస్తుంది. “నీ పెళ్లికి పెట్టిందేమన్నా తక్కువటే?” అంటుంది అమ్మ. పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరం ఇవాళ ఎంత పలుకుతోందో బాబాయి లెక్కకట్టి చెబుతాడు. అన్నయ్య ఏమీ మాట్లాడడు, ఆ మౌనానికి అందరూ భయపడతారు. రేపు కూతురి ఓణీల వేడుకకు మేనమామ రావాలి. శ్రీమంతానికి పుట్టింటి సారె రావాలి. ఇంటాయన చెయ్యి చేసుకున్న రోజున, లేదా ఆయనే లేకుండా పోయిన రోజున, వెళ్లి తలుపు తట్టడానికి ఒక ఇల్లుండాలి. ఆమె ఇవన్నీ లెక్కేసుకుంటుంది. వదులుకునే ఆ వాటా పుట్టింటి గడప కోసం ఆమె కడుతున్న బీమా ప్రీమియం.

దీన్ని బలవంతం అనగలమా? కత్తి పెట్టిందెవరూ లేరు. ఇష్టం అందామా? అన్నదమ్ములకు లేని బేరం ఆమెకొక్కదానికే ఎందుకొచ్చింది? తన వాటా తీసుకున్న కొడుకు అక్కచెల్లెళ్ల ప్రేమ పోతుందని భయపడిన దాఖలా మన ఊళ్లలో ఎక్కడైనా ఉందా? రాజధాని ప్రకటన తర్వాత తుళ్లూరు, మందడం వైపు భూముల ధరలు ఎగబాకుతుంటే, ఎప్పుడో పెళ్లయి వెళ్లిన ఆడపడుచుల సంతకాలకూ ఎక్కడలేని గిరాకీ వచ్చింది. ఏళ్ల తరబడి పండక్కి పిలవని ఇంటి నుంచి పట్టుచీరతో పిలుపులు వెళ్లాయని ఆ వైపు వాళ్లు నవ్వుతూనే చెబుతారు.

చట్టం దగ్గర రెండే గళ్లున్నాయి. బలవంతం ఒకటి, స్వేచ్ఛ రెండోది. మన జీవితంలో ముఖ్యమైన నిర్ణయాలు చాలావరకు ఆ రెంటికీ మధ్యనే జరుగుతాయి. అమెరికాలో రాబర్ట్ హేల్ అనే న్యాయశాస్త్రజ్ఞుడు ఈ మాట 1923లోనే రాశాడు. బజారులో స్వేచ్ఛగా కుదిరిందనుకునే ప్రతి ఒప్పందం వెనకా ఒత్తిడి ఉంటుందనీ, ఎవరి ఒత్తిడి ఎంత బలమైనదో నిర్ణయించేది చట్టం పంచిపెట్టిన ఆస్తి హక్కులేననీ ఆయన వాదన. కెనడాలో జెన్నిఫర్ నెడెల్‌స్కీ ఇంకాస్త ముందుకెళ్లింది. మనిషి స్వేచ్ఛ ఒంటరిగా మొలిచేది కాదనీ, చుట్టూ ఉన్న సంబంధాలే దాన్ని పెంచుతాయి లేదా నలిపేస్తాయనీ, అందుకే చట్టం ముందు ఆ సంబంధాలను చూడాలనీ ఆమె అంటుంది. చెప్పింది విదేశీయులే కావచ్చు. మన ఇళ్లలో ఆడవాళ్లకు మాత్రం ఎవరూ చెప్పకుండానే తెలుసు.

నిజానికి మన చట్టంలోనే ఇందుకు ఒక తలుపు ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 16వ సెక్షను తీసి చదవండి. ఇద్దరి మధ్య ఉన్న సంబంధం వల్ల ఒకరు రెండోవారి మనసును శాసించగల స్థితిలో ఉండి, దాన్ని వాడుకుని అన్యాయంగా లాభం పొందితే ఆ ఒప్పందాన్ని కొట్టేయవచ్చు. ‘సంబంధం’ అన్న మాట ఆ సెక్షనులోనే ఉంది. ఘోషా స్త్రీలు రాసిచ్చిన పత్రాల విషయంలో, బ్రిటిషు కాలంలో ఆఖరి అప్పీళ్లు విన్న ప్రీవీ కౌన్సిల్ ఇంకా కఠినంగా ఉండేది. పత్రంలో ఏముందో ఆమెకు వివరించి చెప్పారని, అర్థమయ్యాకే ఆమె సంతకం చేసిందని నిరూపించే భారం ఆస్తి పొందినవాడి మీదే పెట్టింది. చదువురాని ఆడవాళ్లకూ కోర్టులు ఆ రక్షణ ఇచ్చాయి. ఇవాళ్టి ఆడపడుచు బీటెక్ చదివింది, బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది, ఇంగ్లీషులో సంతకం పెడుతుంది. ఇక ఆమెకు రక్షణ దేనికని చట్టం పక్కకు జరిగింది. మేనమామ రాడేమోనన్న భయాన్ని బీటెక్ పోగొట్టదు కదా!

1908 నాటి రిజిస్ట్రేషను చట్టం కింద నిబంధనలు రాసే అధికారం రాష్ట్రంలోనే, రిజిస్ట్రేషన్ల ఇన్‌స్పెక్టర్ జనరల్ చేతిలో ఉంది. హక్కు విడుదల దస్తావేజు వచ్చినప్పుడు అన్నదమ్ములను బయట ఉంచి, ఆమెను పది నిమిషాలు విడిగా కూర్చోబెట్టి, వదులుకుంటున్న వాటా మార్కెట్ విలువ ఇదీ అని చెప్పి, నెల రోజుల గడువిచ్చి మళ్లీ రమ్మంటే కొంపలేమీ మునగవు. ఆ ఆలోచన మన అధికారుల్లో ఒక్కరికైనా రాకపోవడం మీద నాకు కోపముంది.

ఇక కౌలు సంగతి. అక్కడ సంతకం తిరగబడింది. 2011 చట్టం కింద కౌలు రైతుకు రుణ అర్హత కార్డు ఇచ్చేవారు. లోపాలెన్ని ఉన్నా, భూయజమాని దయ మీద అది పూర్తిగా ఆధారపడలేదు. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం పదకొండు నెలల ఒప్పందం, దాని మీద యజమాని సంతకం ఉండాలంది. ఆ చట్టం రాసినవాళ్ల ఊహలో ఒక బల్ల ఉంది. దానికి అటు భూస్వామి, ఇటు కౌలుదారు కుర్చీలు వేసుకుని కూర్చుంటారు, మాట్లాడుకుంటారు, సంతకాలు చేస్తారు.

పెదనందిపాడు, ప్రత్తిపాడు వైపు మిర్చి కౌలు గురించి కొంచెమైనా తెలిసినవాడికి ఆ బల్ల నవ్వు తెప్పిస్తుంది. మిర్చి మడికి కౌలు చాలాచోట్ల ముందే చెల్లించాలి. డెల్టాలో వరికి ఎకరాకు ఇన్ని బస్తాలని నోటి మాట. యజమాని హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఉంటాడు. పట్టాదారు పాసుపుస్తకం మీద పంట రుణం ఆయన పేరుతోనే నడుస్తూ ఉంటుంది. “సంతకం పెట్టండి బాబాయ్” అని అడిగినవాడికి వచ్చే ఏడు ఆ పొలం దక్కదు. అడగనివాడికి బ్యాంకు అప్పు రాదు, పంట నష్టపరిహారం రాదు, పండించిన ధాన్యం వేరేవాళ్ల పేరు మీద అమ్ముకోవాలి. అప్పుల పాలై ఉరి వేసుకుంటే, వాడు రైతేనని నిరూపించుకునే పని భార్య నెత్తిన పడుతుంది. బలమున్నవాడి సంతకాన్ని బలం లేనివాడి హక్కుకు తాళంచెవిగా పెట్టి, దానికి సాగుదారు హక్కుల చట్టమని పేరు పెట్టారు. అందులో ఏ పార్టీ వాటా ఎంతో తేల్చడం నా పని కాదు. ఇంతకుముందు ఉన్నవాళ్లూ ఇప్పుడున్నవాళ్లూ కౌలు రైతు ముందు నిలబడి మాట్లాడతారు, భూయజమాని పక్కన కూర్చుని చట్టం రాస్తారు.

రాజధాని భూసమీకరణలోనూ ఇదే లెక్క. ఇరవై తొమ్మిది గ్రామాల్లో పొలం ఇచ్చినవాళ్లకు తిరిగి ప్లాట్లు ఇచ్చారు, వాటితో పాటు జరీబు ఎకరాకు ఏటా 50,000, మెట్టకు 30,000 రూపాయల కౌలు పరిహారం, దాని మీద ఏటా పది శాతం పెరుగుదల. ఆ భూముల్లో తరాలుగా కూలి చేసిన భూమిలేని కుటుంబానికి మొదట పెట్టింది నెలకు 2,500 రూపాయల పింఛను. పెరుగుదల నిబంధన భూయజమాని పత్రంలో ఉంది, కూలి మనిషి పత్రంలో లేదు. ఎవరూ కుట్ర చేసి రాసింది కాకపోవచ్చు. కూలివాడికి భూమితో ఉన్నదీ ఒక సంబంధమేనని రాసేవాళ్లకు తోచలేదు, నన్నడిగితే కుట్ర కంటే అదే ఎక్కువ ప్రమాదం.

ఇలా తోచినవాళ్లు మన న్యాయవ్యవస్థలో అసలు లేకపోలేదు. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి ఇచ్చిన సరిత కేసు తీర్పును లా విద్యార్థులు పరీక్షకు రెండు లైన్లలో బట్టీ పడతారు. దాన్ని పూర్తిగా చదవాలి. ఇల్లు విడిచి వెళ్లిన భార్యనో భర్తనో తిరిగి కాపురానికి రమ్మని కోర్టు ఆదేశించే వీలు హిందూ వివాహ చట్టం 9వ సెక్షనులో ఉంది. సెక్షను భాషలో ఆడా మగా తేడా లేదు. చౌదరి గారు ఆ సమానత్వాన్ని నమ్మలేదు. మన సమాజంలో దీన్ని వాడుకునేది దాదాపుగా భర్తలేననీ, ఇష్టం లేని స్త్రీని కాపురానికి పంపడమంటే ఆమె బిడ్డను కనాలా వద్దా అన్న నిర్ణయాన్ని కూడా ప్రభుత్వం లాక్కోవడమేననీ చెప్పి, సెక్షను రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. ఇంచుమించు అదే కాలంలో ఢిల్లీ హైకోర్టు, ఇంట్లోకి రాజ్యాంగాన్ని తీసుకురావడం గాజు సామాన్ల కొట్లోకి ఎద్దును తోలడం లాంటిదని రాసింది. 1984లో సుప్రీంకోర్టు సరోజ్ రాణి కేసులో సెక్షనును నిలబెట్టింది, చౌదరి తీర్పు పోయింది. ఇంగ్లండు చర్చి కోర్టుల నుంచి మనకు అంటుకున్న ఈ పద్ధతిని ఆ ఇంగ్లండే 1970లో వదిలేసింది. మనం మాత్రం భారతీయ కుటుంబ విలువల పేరుతో మోస్తున్నాం!

ఆ ఎద్దు ఉపమానం నాకు ఒక్క పట్టాన మింగుడుపడదు. గాజు సామాన్లంటే ఎవరివి? పగిలేది ఎవరికి? ఇంటి లోపల ఇప్పటికే పగులుతున్నవాటి చప్పుడు న్యాయమూర్తికి వినపడాలంటే ఏం చదివి ఉండాలి?

కోర్టులు ఇలాంటివి చదివినా సరిపోని సందర్భాలూ ఉన్నాయి. మన రాష్ట్రం నుంచే వెళ్లిన పఠాన్ జమాల్ వలీ కేసులో 2021లో సుప్రీంకోర్టు తీర్పు చూడండి. పుట్టు గుడ్డి అయిన ఒక దళిత మహిళ మీద అత్యాచారం. ఆడది కావడం, దళితురాలు కావడం, చూపు లేకపోవడం, ఈ మూడూ విడివిడిగా కాకుండా ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఆమెను ఎలా నిస్సహాయురాలిని చేశాయో కోర్టు పేజీలకు పేజీలు వివరించింది. అమెరికా న్యాయ పండితురాలు కింబర్లీ క్రెన్‌షా ఆలోచనను చక్కగా అందిపుచ్చుకుంది. అత్యాచారానికి యావజ్జీవం ఖాయం చేసింది. అట్రాసిటీ చట్టం కింద పడిన శిక్షను మాత్రం రద్దు చేసింది. నేరం నాటికి ఉన్న సెక్షను ప్రకారం, దళితురాలు అన్న కారణంతోనే చేశాడని రుజువు కావాలి మరి. 2015 సవరణ ఆ భాషను మార్చి, దళితురాలని తెలిసి చేస్తే చాలంది. ఈ కేసులో నేరం అంతకుముందే జరిగింది. అందుకే చట్టం ముసాయిదా రాసే బల్ల దగ్గరే ఈ చదువు ఉండాలంటున్నాను. తీర్పు దాకా ఆగితే ఆలస్యమైపోతుంది.

చుండూరు గురించి రాయకుండా గుంటూరులో న్యాయం గురించి రాయడం కుదరదు. అప్పటి గుంటూరు జిల్లాలోని ఆ ఊళ్లో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. శవాలను గోనె సంచుల్లో కుక్కి కాలవలో వేశారు. హత్యలకు ముందే దళితవాడ మీద సాంఘిక బహిష్కరణ నడిచింది. సుదీర్ఘ పోరాటం తర్వాత ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. అది 2007లో ఇరవై ఒక్క మందికి యావజ్జీవం, ముప్పై అయిదు మందికి ఏడాది జైలు వేసింది. 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. చనిపోయిన సమయం, స్థలం, దాడి చేసిందెవరన్నది రుజువు కాలేదంది. సాక్ష్యం బలంగా లేకపోతే శిక్ష వేయరాదన్న సూత్రాన్ని నేనూ గౌరవిస్తాను. కానీ ప్రాణభయంతో పొలాల వెంట పరుగెత్తినవాడిని గడియారం చూశావా అని అడిగినట్టుంది ఆ తర్కం. తనకు కూలి ఇచ్చే మనిషి పేరు పోలీసుకు చెప్పడానికి ఒక కూలివాడికి ఎన్ని రోజులు పడుతుంది? చట్టం చదువులో ఈ ప్రశ్న రాదు. ఊరు చదివితే వస్తుంది.

ఇదంతా వింటే గట్టి లాయరు ఒకరు ఇలా అంటారు. “సంతకానికి విలువ లేదంటే రేపు ఏ భూమి కొన్నవాడికీ నిద్ర పట్టదు. ప్రతి జడ్జీ సంబంధాలు, అధికారాలు అంటూ కథలు చదవడం మొదలుపెడితే తీర్పు ఆయన మనసును బట్టి మారుతుంది. చట్టానికి కళ్లగంతలు కట్టింది అందుకే.” ఈ వాదనలో కొంత బరువుంది. కానీ పరువు, కులం, పుట్టిల్లు అన్నవి ఇప్పటికీ తీర్పుల్లోకి వస్తూనే ఉన్నాయి. కాకపోతే న్యాయమూర్తి పెరిగిన ఇంటి అలవాట్ల రూపంలో, ఎవరూ ప్రశ్నించకుండా వస్తున్నాయి. వాటిని పైకి తెచ్చి వాదనకు పెట్టమంటున్నాను, అంతే.

అసలు నా బాధ వేరే చోట ఉంది. లా చదివినవాళ్లే సాహిత్యం రాసిన నేల ఇది. ఉన్నవ లక్ష్మీనారాయణ డబ్లిన్‌లో బారిష్టరు చదివి వచ్చి గుంటూరులో ఆడపిల్లల కోసం శారదా నికేతనం పెట్టాడు, జైల్లో కూర్చుని మాలపల్లి రాశాడు. మద్రాసు ప్రభుత్వం ఆ నవలను నిషేధించేంతగా భయపడింది. త్రిపురనేని రామస్వామి చౌదరి కూడా డబ్లిన్ బారిష్టరే. తెనాలి మునిసిపల్ చైర్మన్‌గా చేస్తూనే పురాణాల్లో దాగిన అధికారాన్ని నాటకాలతో బయటికి లాగాడు, అందరికీ అర్థమయ్యే తెలుగులో పెళ్లి తంతు రాశాడు. వాళ్ల అభిప్రాయాలన్నీ మనం ఒప్పుకోనక్కర్లేదు. కోర్టులో వాదించే మనిషికి ఊళ్లో మాలపల్లె ఎలా బతుకుతోందో తెలిసి ఉండటం అప్పట్లో వింతగా అనిపించలేదు. విశ్వనాథ సత్యనారాయణ బెజవాడ ఎస్సారార్ కాలేజీలో పాఠం చెబుతున్న రోజుల్లో పక్క క్లాసుల పిల్లలు కూడా వచ్చి వినేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇప్పుడు కానూరు నుంచి గుడవల్లి దాకా ఆ రోడ్డు మీద వెళ్లండి. హోర్డింగుల మీద ర్యాంకులు, ఎంపీసీ, బైపీసీ. చరిత్ర, ఎకనామిక్స్, సివిక్స్ చెప్పే హెచ్‌ఈసీ గ్రూపు ఎక్కడుందని అడిగితే ఆ పేరు విని నవ్వే రిసెప్షనిస్టులున్నారు. సీఈసీ ఉన్నా అది సీఏ పేరు చెప్పుకుని బతుకుతోంది. పదహారేళ్ల పిల్లాడు రెండేళ్ల పాటు ఒక నవల చదవకుండా, ఊరి చరిత్ర గురించి ఒక పేజీ రాయకుండా హాస్టల్ నుంచి బయటికొస్తాడు. ఇంజనీరింగ్ కుదరకపోతే లాసెట్ రాస్తాడు. అయిదేళ్ల బీఏ ఎల్‌ఎల్‌బీలో చరిత్ర, రాజనీతిశాస్త్రం, సమాజశాస్త్రం ఉన్నాయి. వాటిని గైడు కొని గట్టెక్కే పేపర్లుగా చూస్తారు, చెప్పేవాళ్లు కూడా చాలాచోట్ల అలాగే చూస్తారు. వాళ్లలోంచే రేపు సబ్‌ రిజిస్ట్రార్లు, ప్రాసిక్యూటర్లు, మేజిస్ట్రేట్లు వస్తారు. నేలపాడులో హైకోర్టు భవనం ఎంత పెద్దదైనా అందులోకి వెళ్లేది వీళ్లే.

చిత్రమేమిటంటే ఈ లా క్లాసుల్లో కూర్చున్న పిల్లల్లో చాలామందికి అధికారం గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. కౌలు రైతు కొడుకు ఉంటాడు. ఎస్సీ కాలనీ నుంచి వచ్చి, తన ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదువుతున్న అమ్మాయి ఉంటుంది. ఇంట్లో చూసినదంతా మర్చిపోయి, సెక్షను నంబర్లు గుర్తుపెట్టుకోమని వాళ్లకు చెబుతున్నాం. వాళ్లు చూసినదే పాఠమని చెప్పగల చరిత్ర, సమాజశాస్త్రం అధ్యాపకుల పోస్టులు ఖాళీగా ఉంటే, గంటకింతని లెక్కకట్టి గెస్ట్ ఫ్యాకల్టీతో నెట్టుకొస్తున్నారు. నాగార్జున యూనివర్సిటీ పరిధిలోని లా కాలేజీలతో మొదలుపెట్టి, ముందు ఆ పోస్టులు నింపండి.